తాయ్ చీ: ఏ శైలి, ఏ వరస ఎవరికి సరిపోతుంది?

నెమ్మదైన కదలికలతో సాగే చైనా వ్యాయామం తాయ్ చీ. దాన్ని నేర్చుకుందామని యూట్యూబ్ తెరిస్తే పేర్లే ఒక పేజీ నిండుతాయి. యాంగ్ 24, చెన్ పాత వరస, సన్ 73, వూ 108, ఎనిమిది కదలికల వరస, కుర్చీ తాయ్ చీ. (యాంగ్, చెన్, సన్, వూ అనేవి శైలుల పేర్లు. ఒకదాని వెంట ఒకటిగా చేసే కదలికల కూర్పు వరస, పక్కనున్న అంకె అందులోని కదలికల లెక్క.) అన్నీ తాయ్ చీయే, కానీ అన్నీ అందరికీ పనికిరావు. మోకాళ్ల నొప్పులున్న అరవై అయిదేళ్లావిడ చెన్ శైలితో మొదలుపెడితే నెల తిరక్కుండా మానేస్తారు, పైగా తాయ్ చీ వల్లే మోకాళ్లు పాడయ్యాయంటారు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు కుర్చీ తాయ్ చీ పట్టుకుంటే వారానికే విసుగొస్తుంది. ఇద్దరూ ఎంచుకోవడంలోనే తప్పారు. ముందు మోకాళ్లు, తర్వాత నేర్పేవారు, ఆ తర్వాతే శైలి పేరు. ఈ వరుసలో చూసుకుంటే ఎంపిక తేలికవుతుంది.

నడకా, యోగానా, తాయ్ చీయా?

రోజూ నడిచేవారు "మళ్లీ ఇదెందుకు?" అని అడుగుతారు. నడక గుండెకు, ఊపిరితిత్తులకు, బరువు అదుపుకు మంచిది. కానీ అది ఎప్పుడూ చదునైన దారిలో ముందుకే సాగుతుంది. పక్కకు అడుగేయడం, వెనక్కి అడుగేయడం, ఒక కాలి మీద బరువుంచి ఒళ్లు తిప్పడం అందులో ఉండవు. వయసు మళ్లినవారు పడేది చాలాసార్లు అలాంటప్పుడే. స్నానాల గదిలో పక్కకు తిరుగుతూనో, గడప దాటుతూనో, వెనక నుంచి ఎవరో పిలిస్తే గబుక్కున తిరిగో పడతారు. తాయ్ చీలో మొదటి రోజు నుంచి చివరి దాకా సాధన చేసేది ఈ బరువు మార్చుకోవడాన్నే.

యోగా కీళ్లకు ఒంపునిస్తుంది, కండరాలను సాగదీస్తుంది. అయితే చాలా ఆసనాలకు కింద కూర్చుని లేవాలి. కుర్చీ తాయ్ చీ తప్ప మిగతా తాయ్ చీ అంతా నిలబడే చేస్తారు. చాప అక్కర్లేదు, చీరలోనో సల్వార్‌లోనో ఉన్నా చేయొచ్చు (చీర కుచ్చిళ్లు మాత్రం చీలమండల పైకి ఉండాలి, లేకపోతే వెనకడుగులో కాలికి అడ్డం పడతాయి). కింద కూర్చోలేక యోగా మానేసినవారికి ఇది మంచి దారి.

ఇందులో మేలు ఎంతవరకు రుజువైందో చూద్దాం. అన్నిటికన్నా గట్టి ఆధారం పడిపోకుండా కాపాడే విషయంలో ఉంది. అమెరికాలోని ఆరెగాన్‌లో డెబ్బై దాటిన 670 మందితో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు తాయ్ చీ చేసినవారు, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారి కన్నా 58 శాతం తక్కువసార్లు పడ్డారు. రకరకాల వ్యాయామాలు కలిపి చేసినవారితో పోల్చినా 31 శాతం తగ్గింది. పార్కిన్సన్స్ జబ్బు తొలి, మధ్య దశల్లో ఉన్న 195 మందితో చేసిన 2012 నాటి పరిశోధనలోనూ తూలకుండా నిలబడగలగడం తాయ్ చీ బృందంలోనే ఎక్కువగా మెరుగైంది.

మోకాలి అరుగుదల ఉన్న 204 మందితో బోస్టన్‌లో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. 12 వారాలు తాయ్ చీ చేసినవారికి నొప్పి తగ్గడం, ఫిజియోథెరపీ చేయించుకున్నవారితో దాదాపు సమానంగా ఉంది. దిగులు తగ్గడంలో తాయ్ చీ కాస్త ముందుంది. బీపీ విషయంలో చైనాలో, ఇంకా మందుల దాకా రాని బీపీ ఉన్నవారికి 24 కదలికల వరసను ఏడాది పాటు నేర్పించి చూశారు. పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది. ఏరోబిక్ వ్యాయామం చేసినవారిలో అది సుమారు 4.6. ఈ లెక్క చూసి ఎవరూ బీపీ మాత్రలు ఆపకూడదు. డాక్టరు దగ్గర రీడింగులు చూపించి, ఆయన తగ్గించమంటేనే తగ్గించాలి.

తాయ్ చీతో జరగనివీ ఉన్నాయి. మామూలు వేగంతో నడిచినంత శ్రమే కాబట్టి దీన్ని నమ్ముకుని బరువు తగ్గలేరు. చేతులకు, భుజాలకు పెద్దగా బలం రాదు. అందుకే నడక మానేసి తాయ్ చీ పట్టుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 18 దాటిన అందరికీ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలంటుంది. 65 దాటినవారికి దానికి తోడు వారంలో మూడు రోజులైనా నిలకడ, బలం పెంచే వ్యాయామం చెబుతుంది. మూడు రోజులు తాయ్ చీ, మిగతా రోజులు నడక, రెండు రోజులు ఓ పావుగంట చిన్న డంబెల్స్ లేదా రబ్బరు బ్యాండు. చాలామందికి సరిపోయే పథకం ఇదే.

కదలికల వరస గుర్తుండదని భయపడేవారికి చీగోంగ్ అనే మరో చైనా వ్యాయామం ఉంది. అందులో బాదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికలను నిలుచున్న చోటే, ఒక్కోదాన్ని కొన్నిసార్లు చేస్తారు. మొత్తం పావుగంటలోపే అయిపోతుంది. అడుగులు తక్కువ కాబట్టి నిలకడ తాయ్ చీతో పెరిగినంత పెరగదు. మొదటి మెట్టుగా మాత్రం చాలా బాగుంటుంది.

ఎంచుకునే ముందు రెండు చిన్న పరీక్షలు

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోండి. ఆ తర్వాత కుర్చీ వెనక నిలబడి, చేయి దాని మీదకు అందేంత దగ్గరలో ఉంచుకుని, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. రెండు కాళ్లకూ విడివిడిగా చూడాలి.

రెండూ తూలకుండా, నొప్పి లేకుండా చేయగలిగితే ఏ శైలితోనైనా మొదలుపెట్టొచ్చు. కుర్చీలోంచి లేవగలిగి ఒంటికాలి మీద నిలవలేకపోతే, ఒంటికాలి కదలికలున్న వరసలు ఇప్పుడే వద్దు. అలా నేర్చుకున్నా ఆ కదలికల్లో కాలు నేలకు ఆనించే ఉంచాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడమే కష్టమైతే కుర్చీ తాయ్ చీతో, లేదంటే కుర్చీ పట్టుకుని బరువు మార్చే సాధనతో మొదలుపెట్టాలి. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పైన చెప్పిన ఆరెగాన్ పరిశోధనలో కూడా పూర్తి వరస నేర్పలేదు, వృద్ధుల కోసం మలిచిన ఎనిమిది కదలికలే నేర్పారు.

మోకాలి మార్పిడి, తుంటి మార్పిడి అయినవారు, ఎముకలు బాగా గుల్లబారినవారు, నిలబడగానే తల తిరిగేవారు డాక్టరును అడిగాకే దిగాలి. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు ఉత్త కాళ్లతో అసలు చేయొద్దు. అరికాలికి దెబ్బ తగిలినా తెలియదు.

శైలులు, ఒక్కొక్కటిగా

తాయ్ చీ పుట్టిల్లుగా చెప్పేది చైనాలోని హెనాన్ రాష్ట్రం, వెన్ జిల్లాలోని చెన్‌జియాగౌ ఊరు. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ నుంచి ఆ కుటుంబంలో యుద్ధవిద్యగా సాగింది. ఆ ఊళ్లో నేర్చుకున్న యాంగ్ లూచాన్ 19వ శతాబ్దంలో బీజింగ్ వెళ్లి బయటివారికి నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) ఎగిరే, తన్నే కదలికల జోరు తగ్గించి, అంతా ఒకే నెమ్మది వేగంలోకి తెచ్చాడు. ఇప్పుడు పార్కుల్లో మనం చూసే తాయ్ చీ ఎక్కువగా ఆ కొమ్మదే.

యాంగ్ శైలి. మొదటిసారి నేర్చుకునేవారిలో ఎక్కువమందికి మేం చెప్పేది ఇదే, అందులోనూ 24 కదలికల వరస. చైనా క్రీడల సంఘం 1956లో పొడవాటి యాంగ్ వరసలోంచి దీన్ని కుదించి తయారుచేసింది. చేయడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఎనిమిది గుంపులుగా విడదీసి ఉంటుంది కాబట్టి నేర్చుకోవడం తేలిక. మొదటి గుంపులో ఆరంభం, అడవిగుర్రం జూలు విడదీయడం, తెల్లకొంగ రెక్కలు విప్పడం ఉంటాయి. వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ పావుగంట సాధన ఉంటే మూడు నాలుగు నెలల్లో వరస వస్తుంది. రావడం వేరు, బాగా రావడం వేరు. దానికి ఏడాది పట్టినా తొందరపడకండి.

ఈ వరసలో కష్టమైన చోట్లు ముందే తెలుసుకోవాలి. 13, 15 కదలికల్లో మడమతో తన్నాలి. 16, 17లో పాములా కిందికి జారి, వెంటనే ఒంటికాలి మీద లేవాలి. 19లో ముందుకు వంగాలి. మోకాళ్లు సహకరించనివారు 16, 17ల్లో కిందికి జారకుండా నిలబడే బరువు మారిస్తే చాలు. తన్నే చోట కాలిని చీలమండ ఎత్తుకే లేపినా కదలిక చెడిపోదు. వద్దనుకున్న కదలికను వదిలేసి వరసను ముక్కలు చేయడం కన్నా దాన్ని తగ్గించి చేయడం మంచిది. వదిలేస్తే తర్వాతి కదలికకు పాదాలు తప్పు దిశలో ఉంటాయి.

24 ఎక్కువనిపిస్తే ఎనిమిది కదలికల పొట్టి వరస ఉంది. ప్రతిదాన్నీ రెండు వైపులా చేస్తారు, చోటు చాలా తక్కువ సరిపోతుంది, నెలా నెలన్నరలో వచ్చేస్తుంది. అందులోనూ ఒంటికాలి మీద నిలవడం, మడమతో తన్నడం ఉన్నాయని గుర్తుంచుకోండి. ఇక 108 కదలికల పొడవాటి వరస మొదటి ఎంపిక కాకూడదు. రెండోదిగా చాలా గొప్ప ఎంపిక. ఒకసారి చేస్తే ఇరవై నిమిషాలకు పైగా ఆపకుండా సాగుతుంది కాబట్టి మనసు కుదుటపడటం అందులో బాగా తెలుస్తుంది.

సన్ శైలి. మోకాలి అరుగుదల ఉన్నవారు ముందుగా వెతకాల్సింది దీన్ని. సన్ లూటాంగ్ (1860–1933) అప్పటికే వేరే రెండు యుద్ధవిద్యల్లో ఆరితేరి, యాభై దాటాక తాయ్ చీ నేర్చుకుని ఈ శైలిని కూర్చాడు. నిలుచునే తీరు ఎత్తుగా ఉంటుంది. ఒక పాదం ముందుకు వేస్తే వెనక పాదం దాని వెంటే దగ్గరకు వస్తుంది. రెండు కాళ్లూ బారుగా చాపి, ఒకే మోకాలి మీద బరువుంచి ఆగే క్షణాలు అందువల్లే తక్కువ. ఆస్ట్రేలియా డాక్టరు పాల్ లామ్ 1997లో కీళ్లవాతం ఉన్నవారి కోసం రూపొందించిన కార్యక్రమానికి ఈ శైలినే ఆధారం చేసుకున్నారు. ఒక్కటే చిక్కు: నేర్పేవారు తక్కువ. దగ్గర్లో సన్ శైలి నేర్పేవారు లేకపోతే, ఎత్తుగా నిలబడి చేసే యాంగ్ శైలి దాదాపు అంతే మేలు చేస్తుంది.

చెన్ శైలి. అన్నిటికీ మూలమైనది, అందుకే "అసలుది ఇదే" అని చాలామంది దీనికే మొగ్గుతారు. నెమ్మదిగా సాగుతూ సాగుతూ ఒక్కసారిగా పిడికిలి విసురుతారు, కాలితో నేలను దబ్బుమని తొక్కుతారు, నడుమును మెలితిప్పుతారు. నిలబడే తీరు కిందికి ఉంటుంది. నలభైలోపు వయసు, గట్టి తొడలు, యుద్ధవిద్య మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి ఇంతకు మించింది లేదు. పాత వరస మొదటి భాగంలోనే డెబ్బైకి పైగా కదలికలుంటాయి. దాని బదులు ఆ శైలి గురువు చెన్ జెంగ్‌లేయి కుదించిన 18 కదలికల వరసతో మొదలుపెట్టడం తెలివైన పని. అపార్ట్‌మెంట్‌లో చేస్తే నేలను తొక్కే చోట పాదం మెల్లగా ఆనించండి. కింది ఫ్లాటువారి కోసం ఒక్కటే కాదు, టైల్స్ నేల మీద ఆ అదురు నేరుగా మోకాలికే వెళ్తుంది.

వూ శైలి కదలికలు చిన్నవి, చోటు తక్కువ చాలు. ముందుకు నెట్టేటప్పుడు తల నుంచి వెనక మడమ దాకా ఒకే గీతలో ఉంచి ఒళ్లు ముందుకు వాలుస్తారు. వాలినప్పుడు నడుము వంగిపోతే వెన్ను కింది భాగం నొప్పెడుతుంది, అందుకే నడుంనొప్పి ఉన్నవారు నేర్పేవారు పక్కన లేకుండా చేయొద్దు. ఇంకో వూ శైలి కూడా ఉంది, హావ్ శైలి అని కూడా అంటారు. అది నేర్పేవారు ఎక్కడో గాని కనబడరు.

మోకాళ్లు చెడేది ఎక్కడ?

ఏ శైలి ఎంచుకున్నా ఈ ఒక్క అడుగు సరిగ్గా వస్తే సగం ప్రమాదం తప్పినట్టే. యాంగ్ శైలిలో ముందుకు వేసే అడుగు చూడండి. బరువంతా కుడికాలి మీదకు తెచ్చుకోండి. ఎడమ పాదాన్ని నేల నుంచి ఒక అంగుళం ఎత్తి చూడండి. ఒళ్లు ఊగకపోతే బరువు నిజంగా మారినట్టు. ఎడమ మడమను ముందుకు చాపి ఊరికే ఆనించండి, బరువు వేయొద్దు. ఆ క్షణంలో ఎవరైనా ఆగమంటే కాలు వెనక్కి తీసుకోగలగాలి. తీసుకోలేకపోతే అడుగు మరీ పొడుగైందన్నమాట.

మడమలు రెండూ ఒకే గీత మీద పడకూడదు. వాటి మధ్య అడ్డంగా ఒక జానెడు ఎడం ఉండాలి. కొత్తవారు తూలేది ఎక్కువగా ఈ ఎడం లేకే. వాళ్లేమో తమకు బ్యాలెన్స్ లేదనుకుంటారు. ఇప్పుడు పాదమంతా ఆనించి, ముందు మోకాలిని మెల్లగా వంచుతూ బరువు ముందుకు తెండి, సుమారు 70 శాతం. మోకాలు రెండో వేలి దిశలోనే వంగాలి, కాలివేళ్లను దాటి పోకూడదు, లోపలికి వాలకూడదు.

తర్వాతి అడుగుకు ముందు ఎడమ పాదాన్ని బయటకు 45 డిగ్రీలు తిప్పాలి. మోకాళ్లు చెడేది ఇక్కడే. బరువు ముందు కాలి మీద ఉండగానే పాదాన్ని తిప్పితే, నేలకు అతుక్కున్న పాదానికీ తిరిగే తొడకూ మధ్య మోకాలు మెలిపడుతుంది. ముందు బరువును వెనక కాలికి తీసుకుని, ముందు పాదం తేలికయ్యాక వేళ్లు పైకెత్తి, మడమ మీద తిప్పి, ఆ తర్వాతే బరువు మళ్లీ ముందుకు తేవాలి. వేగంగా నేర్పే వీడియోల్లో ఈ వెనక్కి తీసుకోవడం కనబడనే కనబడదు.

రెండో తప్పు మరీ కిందికి దిగడం. వీడియోల్లో ఉండేవారు ఎక్కువగా పోటీలకు వెళ్లేవారు, తొడ నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగుతారు. మోకాలు ఎంత వంగితే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి అంత పెరుగుతుంది. మొదటి ఆరు నెలలు ముప్పై డిగ్రీలకు మించి వంచనక్కర్లేదు. వరస మొత్తం తల ఒకే ఎత్తులో ఉండటం ముఖ్యం, ఎంత కిందికి దిగారన్నది కాదు.

ఊపిరి సంగతి క్లుప్తంగా: మొదటి నెలల్లో దాని జోలికి పోవద్దు. కదలికకు ఊపిరిని బలవంతంగా జత చేస్తే తెలియకుండానే బిగబడతారు, తల తేలికవుతుంది. నోరు మూసుకుని ముక్కుతో మామూలుగా పీల్చి వదిలితే చాలు.

నేల, చెప్పులు, చోటు

24 వరసకు సుమారు 12 నుంచి 15 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు కావాలి. డాబా బాగుంటుంది, కానీ పిట్టగోడకు కనీసం రెండు బారల దూరంలో చేయండి. టైల్స్ మీద సాక్సులతో ఎప్పుడూ వద్దు. రన్నింగ్ షూస్ అడుగు మెత్తగా, మడమ ఎత్తుగా ఉంటుంది, చీలమండ ఊగుతుంది. పలచటి అడుగున్న కాన్వాస్ షూస్ మేలు. అమెరికాలో పిల్లల దగ్గర ఉండే పెద్దవారికి ఇంకో మాట: అక్కడి ఇళ్లలో మందపాటి కార్పెట్ పాదాన్ని తిరగనివ్వదు, మోకాలు మెలిపడుతుంది. వంటింటి పక్కన చెక్క నేల ఉంటే అక్కడ చేయండి. చాలా ఊళ్లలో సీనియర్ సెంటర్లు, పబ్లిక్ లైబ్రరీలు తాయ్ చీ క్లాసులు పెడుతుంటాయి. వెళ్లిన మొదటి నెలలోనే కనుక్కోవడం మంచిది.

నేర్పేవారు, వీడియో

మన రెండు రాష్ట్రాల్లో తాయ్ చీ నేర్పేవారు యోగా నేర్పేవారంత సులువుగా దొరకరు. కరాటే, కుంగ్‌ఫూ నేర్పుతూ దీన్నీ నేర్పేవారు కొందరుంటారు. ఒక క్లాసు చూడనివ్వమని అడగండి. మొదటిరోజే మోకాళ్లు, నడుము, బీపీ గురించి అడిగారా? చేతులకన్నా ముందు అడుగు నేర్పుతున్నారా? వెనక వరుసలో ఉన్నవారి దగ్గరికీ వచ్చి సరిదిద్దుతున్నారా? ఈ మూడూ ఉంటే శైలి ఏదైనా చేరండి. సాధారణ యాంగ్ వరసను మంచి గురువు దగ్గర నేర్చుకోవడం, పేరున్న చెన్ వరసను పట్టించుకోని గురువు దగ్గర నేర్చుకోవడం కన్నా ఎంతో మేలు. "ఇది చేస్తే మాత్రలు అక్కర్లేదు" అనేవారి దగ్గర మాత్రం ఒక్కరోజు కూడా ఉండొద్దు.

గురువు దొరక్కపోతే వీడియోతో యాంగ్ 24 వరస దాకా నేర్చుకోవచ్చు, చెన్ మాత్రం వద్దు. వెనక నుంచి తీసిన వీడియో ఎంచుకోండి. ఎదురుగా చూపించేదాంట్లో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒకరి వీడియోకే కట్టుబడండి, ఒకే వరసలో కూడా చేతి ఎత్తు, పాదం కోణం ఒక్కొక్కరు ఒక్కోలా చూపిస్తారు. వారానికి ఒకటి రెండు కదలికలు మించొద్దు. పది రోజులకోసారి ఫోన్‌ను గోడకు ఆనించి మీ అడుగులే వీడియో తీసుకుని, మోకాలు వేళ్ల దిశలో ఉందో లేదో చూసుకోండి.

ఎప్పుడు మార్చాలి?

మొదటి రెండు వారాలు తొడల్లో నొప్పి మామూలే. మోకాలి లోపలి వైపు లేదా చిప్ప కింద నొప్పి వచ్చి మర్నాటికీ తగ్గకపోతే, ఒక వారం అడుగు పొడుగు సగానికి తగ్గించి ఇంకా ఎత్తుగా నిలబడి చేయండి. అప్పటికీ ఉంటే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. కారణం పాదం తిప్పడంలో ఉంటే సరిదిద్దుకుని అదే శైలిలో కొనసాగవచ్చు. అరుగుదల వల్లే అయితే సన్ శైలికో, ఎనిమిది కదలికల వరసకో మారండి. మోకాలు వాచినా, పట్టేసినట్టయినా, మెట్లు దిగుతుంటే జారిపోతున్నట్టనిపించినా ఆ రోజే ఆపేయాలి.

నొప్పి లేకుండా మూడు నెలలు గడిచి, 24 వరస చూడకుండా చేయగలుగుతూ ఉంటే, ఇంకో శైలి మీద మనసు పడటం సహజం. మొదటి ఏడాది రెండు శైలులు కలపొద్దు. యాంగ్‌లో వెనక పాదం ఉన్నచోటే ఉంటుంది, సన్‌లో వెంట వస్తుంది. రెండూ ఒకేసారి నేర్చుకుంటే శరీరం ఏదీ పట్టుకోదు, అడుగు మధ్యలో తడబడతారు. ఏడాది తర్వాత మారాలనుకుంటే కొత్త వరస నేర్చుకునే నెలల్లో కూడా పాతదాన్ని వారానికి రెండుసార్లు చేస్తూ ఉండండి. రెండిటి మధ్యా కనీసం ఒక పూట ఎడం ఉంచండి.